ఎద్దు లాడం నుంచి ఎవరెస్టు దాకా: కాలి కింది ములుకుల కథ

తెలుగులో మంచు అనే ఒక్క మాటతో మనం చాలా పనులు చేయించుకుంటాం. డిసెంబరు పొద్దున్నే దారి కనపడకుండా కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద నీటిబొట్టూ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. ఇంగ్లీషు వాడు మూడు నాలుగు మాటలు వాడే చోట మనకి ఒక్కటి సరిపోయిందంటే కారణం పెద్ద రహస్యమేం కాదు. మనకి దాంతో పని పడలేదు. అందులోనూ కర్నూలు, కడప జిల్లాల వాళ్ళకి అసలే పడలేదు. ఎండాకాలం వస్తే 40 డిగ్రీలు దాటే వేడి, ఎటు చూసినా బండలు, వానొస్తే పండగ. అక్కడ ఐసు అంటే సోడా బండి దగ్గర రంపప్పొట్టులో పెట్టిన గడ్డే.

అలాంటి కర్నూల్లో పుట్టిన భరత్ తమ్మినేని 2025 అక్టోబరులో చో ఓయూ అనే 8,188 మీటర్ల శిఖరం ఎక్కాడు. ప్రపంచంలో 8,000 మీటర్లు దాటిన శిఖరాలు మొత్తం 14. అందులో ఇది ఆయనకి తొమ్మిదోది. తొమ్మిది ఎక్కిన మొదటి భారతీయుడని పత్రికలు రాశాయి. యాత్రలు నడపడానికి ఆయన పెట్టిన కంపెనీ పేరు బూట్స్ అండ్ క్రాంపాన్స్. బూట్లు సరే, మనందరికీ తెలుసు. ఈ క్రాంపాన్ ఏమిటి? ఒక కర్నూలు మనిషి తన బోర్డు మీద రాయించుకునేంత విషయం అందులో ఏముంది? ఇదీ ఇవాళ్టి సంగతి.

క్రాంపాన్ అంటే బూటు కింద తగిలించుకుని, అవసరం తీరాక విప్పేసే ఇనప ములుకుల చట్రం. ములుకు అంటే తెలుసు కదా, ఎద్దుల్ని అదిలించే ముల్లుకర్ర చివర ఉండేది. అలాంటివి కిందకి పది, ముందుకి రెండు. తెలుగులో దీనికి పేరు లేదు. కావాలంటే ములుకుజోళ్ళు అనుకోవచ్చు (పేటెంటు నాది కాదు, ఎవరైనా వాడుకోవచ్చు). నిఘంటువులో మాట లేదు గానీ ఆలోచన మాత్రం మన ఊళ్ళకి కొత్త కాదు.

ఎద్దులకి లాడాలు కొట్టడం చూశారా? నలభై దాటిన వాళ్ళు, అదీ ఊళ్ళో పెరిగిన వాళ్ళయితే చూసే ఉంటారు. ఎద్దుని తాళ్ళతో పడేసి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టేసి, గిట్టలు చెక్కి, ఇనప రేకులు పెట్టి మేకులు కొడతారు. గుర్రానికి గిట్ట ఒక్కటే కాబట్టి లాడం వంపు తిరిగిన ఒకే ముక్క. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు ముక్కలు, మొత్తం ఎనిమిది. చేలో దున్నే ఎద్దుకి ఇవి లేకపోయినా నడుస్తుంది. కంకర రోడ్డు మీద బరువు లాగే బండెద్దుకి మాత్రం ఉండాల్సిందే. లేకపోతే గిట్ట అరిగిపోతుంది, బరువు మీద కాలు జారుతుంది. అంటే నేలని బట్టి కాలికి ఇనుము తగిలించాలన్న తెలివి మన పల్లెలో కమ్మరికీ ఉంది, లాడాలు కొట్టేవాడికీ ఉంది. ట్రాక్టర్లొచ్చాక ఆ పనీ, ఆ పనివాళ్ళూ కనుమరుగయ్యారు, అది వేరే కథ.

మనుషుల కాళ్ళకి ఈ పని ఎప్పుడు మొదలైందో చెప్పే పాత సాక్ష్యం ఒకటుంది. సుమారు 2,000 ఏళ్ళ క్రితం స్ట్రాబో అనే గ్రీకు భూగోళ రచయిత కాకసస్ పర్వతాల వాళ్ళ గురించి రాస్తూ, వాళ్ళు మంచులో నడవడానికి పచ్చి ఎద్దు తోలుతో డప్పుల్లాంటి వెడల్పాటి జోళ్ళు చేసి, వాటికి ములుకులు పెట్టి కట్టుకుంటారని చెప్పాడు. తోలూ ఇనుమే, మన దగ్గర దొరికే సరుకే! 1574లో జూరిక్ పండితుడు జోసియాస్ సిమ్లర్ ఆల్ప్స్ గురించి రాసిన పుస్తకంలో కూడా కాలికి కట్టుకునే ములుకుల ప్రస్తావన ఉంది. వాటిని వాడిన వాళ్ళు పశువుల కాపరులు, వేటగాళ్ళు, కనుమలు దాటే వర్తకులు. శిఖరం ఎక్కి జెండా పాతాలన్న సరదా వాళ్ళలో ఎవరికీ లేదు. బతుకు తెరువు కోసం జారకుండా నడవాలి, అంతే.

కొండలెక్కడం ఒక ఆటగా మారింది 19వ శతాబ్దంలో. ఆడింది ఎక్కువగా డబ్బూ తీరికా ఉన్న ఇంగ్లండు పెద్దమనుషులు. అడుగున మేకులు కొట్టించిన తోలుబూట్లు వేసుకుని, వాలుగా ఉన్న గడ్డ మంచు వచ్చిందంటే మంచుగొడ్డలితో మెట్లు చెక్కుకుంటూ పోయేవాళ్ళు. చెక్కేది వాళ్ళు కూడా కాదు, జీతానికి పెట్టుకున్న గైడు. ఒక్కో వాలు మీద వందలకొద్దీ మెట్లు, గంటలకొద్దీ పని. మరి కాపరులు ఎప్పట్నుంచో వాడుతున్న ములుకులు ఎందుకు కట్టుకోలేదంటే, వాళ్ళలో చాలామందికి అది మర్యాద కాదు. కొండని నీ నైపుణ్యంతో గెలవాలి గానీ సామానుతో కాదు అనే పట్టుదల.

ఇక్కడ మన జాతివాడు ఒకడు వస్తాడు. ఆస్కార్ ఎకెన్‌స్టైన్, ఇంగ్లండులో రైల్వే ఇంజనీరు. పెద్దమనుషుల క్లబ్బుకీ ఆయనకీ ఎప్పుడూ పొసగలేదు. ఆయన దీన్ని పరువు సమస్యగా కాక ఇంజనీరింగ్ సమస్యగా చూశాడు. బరువు ఎక్కడ పడుతోంది, ములుకు ఎంత పొడవుండాలి, ఎక్కడెక్కడ ఉండాలి, చట్రం బూటు ఆకారానికి ఎలా అతకాలి అని లెక్కలేసి 1908లో పది ములుకుల డిజైను ప్రచురించాడు. కాగితం మీద డిజైను ఉంటే చాలదు కదా, చేసేవాడు కావాలి. ఇటలీ వైపు మాంట్ బ్లాంక్ కింద కూర్‌మాయూర్ అనే ఊళ్ళో హెన్రీ గ్రివెల్ అనే కమ్మరి దాన్ని సాగగొట్టి తయారుచేశాడు. ఆ కమ్మరి కొలిమి పేరుతో ఇవాళ్టికీ క్రాంపాన్లు అమ్ముడవుతున్నాయి. గైడ్లకి నమ్మకం కలగాలని 1912లో ఎకెన్‌స్టైన్ బ్రెన్వా హిమానీనదం మీద వాళ్ళకి క్రాంపాన్లతో పోటీలు కూడా పెట్టించాడు. మన భాషలో చెప్పాలంటే స్పెసిఫికేషన్ రాసిందీ, యూజర్లకి డెమో ఇచ్చిందీ ఒకడే.

ఆ తర్వాతి మార్పు ఇంకా చిన్నది, ఫలితం ఇంకా పెద్దది. 1929లో గ్రివెల్ కొడుకు లోరెంట్ ముందువైపుకి మరో రెండు ములుకులు పెట్టాడు. అప్పటిదాకా నిటారు మంచు మీద పాదాన్ని పక్కకి వంచి, అన్ని ములుకులూ ఆనేలా వంకర నడక నడవాలి, లేకపోతే మెట్లు చెక్కాలి. ఈ రెండూ వచ్చాక బూటు కొసతో మంచుని తన్ని నిలబడి నేరుగా ఎక్కొచ్చు. 1938 జులైలో స్విట్జర్లాండులో ఐగర్ ఉత్తర ముఖం మీద ఈ తేడా లోకానికి తెలిసొచ్చింది. అప్పటికే చాలామందిని మింగిన గోడ అది. కాస్పరెక్, హారర్ ముందురోజు నుంచీ మెట్లు చెక్కుకుంటూ వెళ్తున్నారు. హారర్ కాళ్ళకైతే క్రాంపాన్లే లేవు. వెనకాల బయల్దేరిన హెక్‌మైర్, ఫోర్గ్ కాళ్ళకి కొత్త పన్నెండు ములుకులవి ఉన్నాయి. గంటలు పట్టిన దూరాన్ని చకచకా ఎక్కేసి వాళ్ళని అందుకున్నారు. చివరికి నలుగురూ ఒకే తాడు కట్టుకుని, జులై 24న కలిసి శిఖరం చేరారు. తర్వాత నైపుణ్యమా, సామానా అన్న వాదన పెద్దగా వినపడలేదు.

మరి ఎవరెస్టు మీద? 1920ల బ్రిటిష్ యాత్రల్లో క్రాంపాన్లు తెలిసినా పై ఎత్తుల్లో పెద్దగా వాడలేదు. దానికి పరువొక్కటే కారణం కాదు, అసలు సాంకేతిక సమస్య ఉంది. అప్పటి క్రాంపాన్ తోలు పట్టీలతో బూటుకి బిగించాలి. గట్టిగా బిగిస్తే పాదంలో రక్తం ఆడదు, అంత చలిలో వేళ్ళు గడ్డకట్టి పోతాయి. వదులుగా కడితే ఊడిపోతుంది. 1924లో మాలరీ, ఇర్విన్ ఇద్దరూ పైకి వెళ్ళి తిరిగి రాలేదు. 1999లో మాలరీ దేహం దొరికినప్పుడు కాలికి ఉన్నది మేకుల బూటే. 2024లో ఇర్విన్ పాదం, బూటు, పేరు కుట్టిన మేజోడు దొరికాయి, అదీ మేకుల బూటే. క్రాంపాన్లు ఉంటే బతికేవాళ్ళా అంటే ఎవరూ చెప్పలేరు. కానీ సమస్య ములుకులో కాక దాన్ని బూటుకి తగిలించే పద్ధతిలో ఉందని మాత్రం తేలింది. అందుకే ఆ తర్వాతి కృషిలో చాలాభాగం తగిలింపు మీదే జరిగింది: గట్టి అడుగున్న బూట్లు, వెనక లివరు నొక్కితే టక్కున పట్టే క్లిప్పులు. మన పనిలోనూ అంతే కదా, మాడ్యూల్ బాగానే ఉంటుంది, ఇంటర్‌ఫేసు దగ్గరే ప్రాణం పోతుంది.

పనిచేసే సూత్రం మాత్రం చాలా సులువు. లెక్క కోసం 70 కిలోల మనిషి ఒంటికాలి మీద ఉన్నాడనుకుందాం. బూటు అడుగు 250 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడేది 280 గ్రాములు. మంచుగడ్డ దాన్ని లెక్క కూడా చెయ్యదు. పైగా దాని ఉపరితలం మీద నీళ్ళలాంటి పల్చటి పొర ఉంటుంది, ఇక జారక ఏం చేస్తుంది. అదే ములుకుల కొనలన్నీ కలిపి ఒక్క చదరపు సెంటీమీటరు అనుకుంటే, దాని మీద 70 కిలోలూ పడతాయి. గడ్డలో దిగి పట్టుకుంటుంది. బలం పెరగలేదు, ఉన్న బరువే ఒకచోటికి చేరింది.

దీనికో జబ్బు కూడా ఉంది. మధ్యాహ్నం ఎండకి మంచు తడిబారితే ములుకుల మధ్య ముద్దగా అతుక్కుపోతుంది. నాలుగడుగులేసేసరికి కాలికింద మంచు బంతి తయారవుతుంది, ములుకు కొన బయటికే రాదు. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడిలో వాన తర్వాత నడిచిన వాళ్ళకి ఇది వర్ణించక్కర్లేదు. పది అడుగులకి చెప్పు కింద చెప్పంత మందాన మట్టి, ఒక్కో కాలూ కిలో బరువు. మనం ఏం చేస్తాం? చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తాం. మంచులో ఆ వీలు లేదు కాబట్టి వాళ్ళు ములుకుల మధ్య రబ్బరు లేదా ప్లాస్టిక్ పలక పెట్టారు, మంచు అతుక్కోకుండా జారిపోతుంది. జారకుండా ఉండే వస్తువులో జారే ముక్క పెట్టాల్సి రావడం నాకు భలే నచ్చింది.

అన్నట్టు, ఈ కుటుంబంలో చిన్న తమ్ముళ్ళు కూడా ఉన్నారు. ఆన్‌సైట్‌లో చికాగోలోనో మినియాపొలిస్‌లోనో చలికాలం గడిపిన వాళ్ళకి పార్కింగ్ లాటులో కంటికి కనపడని నల్ల ఐసు ఎంత ప్రమాదమో తెలుసు. మామూలు బూటు మీదకి సాగదీసి తొడుక్కునే రబ్బరు జాలీలు, కింద తీగచుట్టలో చిన్న ములుకులో ఉన్నవి అక్కడ మామూలు షాపుల్లోనే దొరుకుతాయి. మన అమ్మానాన్నల్ని శీతాకాలంలో పిలిపించుకునే వాళ్ళు విమానం టిక్కెట్టుతో పాటు ఇవి కూడా కొనడం మంచిది. అయితే షాపులోకి అడుగుపెట్టే ముందు విప్పెయ్యమని మాత్రం గట్టిగా చెప్పాలి. నున్నటి గచ్చు మీద ఆ ఇనుమే మనిషిని పడేస్తుంది.

ఈ విప్పెయ్యడం అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ కడప బండ వస్తుంది. మన ఇళ్ళలో పరిచే కడప బండలు, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. జమ్మలమడుగు, యర్రగుంట్ల, కొలిమిగుండ్ల, బేతంచెర్ల ప్రాంతమంతా ఒకప్పుడు సముద్రం అడుగు. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతికి కడప జిల్లాలోని నార్జి ఊరి పేరే పెట్టుకున్నారు. ఇక ఎవరెస్టు శిఖరాగ్రం ఏ రాయి? అదీ సున్నపురాయే! సుమారు 45 కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం అడుగున పేరుకున్నది, జలచరాల శిలాజాలు ఇప్పటికీ అందులో ఉన్నాయి. మన నార్జి రాయి వయసులో దానికన్నా పెద్దది. కర్నూలు మనిషి ఎవరెస్టు ఎక్కితే, మంచు కింద ఆయన కాలికి తగిలేది ఇంటి ముందు అరుగుకి చుట్టమే.

వినడానికి బాగుంది గానీ ఎక్కేవాడికి ఇదొక గండం. మంచుని పట్టే ములుకు సున్నపురాయిని పట్టదు, గీసుకుంటూ కీచుమంటుంది. టిబెట్ వైపు దారిలో శిఖరానికి ముందు రాతి మెట్లు దాటాలి, అదీ కాళ్ళకి క్రాంపాన్లతోనే. మాటిమాటికీ విప్పి కట్టుకోవడానికి ఆ ఎత్తులో వేళ్ళు పనిచెయ్యవు. ములుకు కొనని రాతి అంచు మీద ఎక్కడ ఆనించాలో, ఎంత బరువు మోపాలో శిక్షణలో నేర్చుకోవాల్సిందే. అంటే వస్తువు కొన్నంత మాత్రాన పట్టు రాదు, నేర్పేవాడు కావాలి.

మన తెలుగువాళ్ళ చరిత్ర సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. మల్లి మస్తాన్ బాబుది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. ఆ స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో చనిపోయాడు. స్కూల్లో ఆయన విగ్రహం చూసే మస్తాన్ బాబుకి కొండల మీద మనసు పోయింది. తర్వాత జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్‌లలో ఇంజనీరింగ్, సత్యంలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, కలకత్తా ఐఐఎం. అచ్చం మనలాంటి రెజ్యూమే. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. అంత అనుభవజ్ఞుడు. కాలికి పట్టు ఉన్నంత మాత్రాన కొండ మనిషిని వదిలిపెడుతుందనే హామీ ఏమీ లేదని ఆ వార్త గుర్తుచేసింది.

రెండో కథ 2014 మే 25ది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, పేద కుటుంబాల పిల్లలు. వాళ్ళు పుట్టిన చోట మంచు లేదు, ఇంట్లో డబ్బూ లేదు. అప్పటి గురుకులాల కార్యదర్శి ప్రవీణ్ కుమార్ పట్టుబట్టి పంపించారు, శేఖర్ బాబు నేర్పించారు. భువనగిరి కోట బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లడఖ్‌లలో మంచు మీద శిక్షణ ఇచ్చి, పెద్దవాళ్ళకి ఇచ్చే సామానే వాళ్ళకీ ఇచ్చారు. రాతి మీద పాదం మోపడం మాత్రం భువనగిరిలోనే నేర్చుకున్నారు. ఆ బండ లాంటివి మన ఓర్వకల్లులో, గండికోటలో లేవా?

మూడోది భరత్ తమ్మినేనిది. 2017లో ఎవరెస్టు, 2018లో మనాస్లు, 2019లో లోత్సే, 2022లో అన్నపూర్ణ, కాంచనగంగ, 2023లో మకాలు, 2024లో శిశపాంగ్మ, 2025లో ధౌలగిరి, చో ఓయూ. తొమ్మిది. మిగిలిన అయిదూ ఎందుకు లేవంటే అవి కె2, నంగా పర్బత్ లాంటివి, దారులు పాకిస్తాన్ చేతిలో ఉన్నాయి. భారతీయ పాస్‌పోర్టుతో అటు వెళ్ళే వీల్లేదు. ఏ కంపెనీ క్రాంపానూ ఆ వాలు మీద పట్టదు. కాబట్టి తొమ్మిది అనే అంకెని 14లో తొమ్మిదిగా కాక, మనవాడికి అందే తొమ్మిదిలో తొమ్మిదిగా చదవాలి.

ఇప్పుడు చెప్పాల్సిన మాట చెప్తాను. మంచు ఎరగని సీమ బిడ్డ అంత ఎత్తుకి వెళ్ళాడా అని మనం ఆశ్చర్యపోతాం. పొగడ్తే గానీ అందులో ఒక పొరపాటు లెక్క దాగుంది: పట్టు అనేది పుట్టిన ఊరితో వస్తుందని. ఆల్ప్స్‌లో పుట్టినవాడి పాదం కూడా మంచు మీద జారుతుంది. అందుకే కదా వాళ్ళూ ములుకులు కట్టుకుంది. పట్టు తగిలించుకునేది. ఎవరో లెక్కగట్టాలి, ఎవరో కొలిమిలో సాగగొట్టాలి, ఎవరో నేర్పాలి, ఎవరో ఖర్చు పెట్టాలి. ఆ నాలుగూ కుదిరిన చోట నుంచి ఎక్కేవాళ్ళు వచ్చారు. కుదరని చోట కుర్రాళ్ళలో దమ్ము లేదని తీర్మానించేశారు.

ఖర్చు మాత్రం చిన్నది కాదు. క్రాంపాన్లు పోనీ వేలల్లో వస్తాయి. నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కడానికి అనుమతి రుసుమొక్కటే 2025 సెప్టెంబరు నుంచి 15,000 డాలర్లు. షెర్పాలు, ఆక్సిజను, ప్రయాణం దాని మీద. ఎవరికీ పిల్లల్ని ఎవరెస్టుకి పంపండని నేను చెప్పను, ఆ కొండ మీద చావు మామూలు విషయం. కానీ పట్టు ఇచ్చే సామాను అన్నిసార్లూ కాలికే ఉండదు. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో చదివే పిల్లకి అది ఒక ల్యాపుటాపు కావచ్చు, ఇంగ్లీషు మాట్లాడ్డం నేర్పే ఒక టీచరు కావచ్చు, మొదటి ఇంటర్వ్యూకి ముందు అరగంట కూర్చోబెట్టి చెప్పే సీనియరు కావచ్చు. మనలో చాలామంది అలాంటివేవో తగిలించుకునే ఈ వాలు ఎక్కాం. పైకొచ్చాక మాత్రం మెట్లు మనమే చెక్కుకున్నామని చెప్పుకుంటాం, కింద ఉన్నవాడు జారితే వాడికి నైపుణ్యం లేదంటాం. ఆనాటి పెద్దమనుషుల క్లబ్బూ అదే మాట అనేది. వాళ్ళ వాదన ఐగర్ మీద మూడు రోజుల్లో తేలిపోయింది. మన వాదన తేలాలంటే కర్నూలు, కడప పిల్లలకి ఆ సామాను ముందు చేతికివ్వాలి, ఆ తర్వాత మాట్లాడాలి.